బూడిద మావయ్య రంగు తప్పిన నెల

బూడిద మావయ్య చేసే పని ఏమిటో ఆయన సొంత అక్కకే పదిహేనేళ్లుగా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "మా తమ్ముడు గోడలు అమ్ముతాడు" అని చెబుతుంది. అడిగినవాళ్లు "ఓహో, ఇళ్ల వ్యాపారమా" అంటారు. "ఇళ్లు కాదు, గోడలే" అంటుంది. ఆ పైన ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని వేరే కబుర్లలో పడతారు.

ఆవిడ చెప్పేది పూర్తిగా అబద్ధమేమీ కాదు. సబ్బులు, చెప్పులు, గడియారాలు, కప్పులు అమ్మే కంపెనీలు ఆ వస్తువుల్ని స్టూడియోలో పెట్టి ఫొటోలు తీయిస్తాయి. ఫొటోలో సబ్బు వెనక ఒక పాత గోడ ఉంటుంది. చూసేవాడు సబ్బుని చూస్తాడు గానీ గోడని చూడడు. నిజానికి అది గోడ కాదు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బోర్డు. దానికి లప్పం పట్టించి, గరుకు కాగితంతో రుద్ది, మీద స్పాంజితో నాలుగైదు పూతలు అద్ది, ఎన్నో వానలకి తడిసి ఆరిన గోడలా కనిపించేట్టు చేసేవాడు ఒకడుంటాడు. మన మావయ్య చేసేది ఆ పని.

బోర్డులు చేయించుకునేవాళ్లకి తమకేం కావాలో తెలియదు. తమకి కావలసింది ఇది కాదని మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. ఒకాయన "పాతగా ఉండాలి, మురికిగా ఉండకూడదు" అంటాడు. ఇంకొకావిడ "రాయిలా ఉండాలి, కానీ మెత్తగా ఉండాలి" అంటుంది. "ఏమీ లేనట్టు ఉండాలి, అలాగని ఖాళీగా ఉండకూడదు" అన్న మహానుభావుడు కూడా ఉన్నాడు. మావయ్య అందరి మాటలూ శ్రద్ధగా విని, తల ఊపి, ఇంటికొచ్చి బూడిద రంగు బోర్డు చేసేవాడు. అందరూ "ఆ, ఇదే, సరిగ్గా ఇదే" అని పట్టుకెళ్లేవారు. ఆయనకి ఆ పేరు అలా వచ్చింది. మొదట్లో స్టూడియోలో ఆయన లేనప్పుడు అనేవారు. ఇప్పుడు ఎదురుగానే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

బూడిద రంగంటే ఏముంది, నలుపూ తెలుపూ కలిపితే వచ్చేదే కదా అని ఆయన దగ్గర మాత్రం అనకండి. సాయంత్రం దాకా వదలడు. కొన్ని బూడిదలు గులాబీకి తిరుగుతాయి, కొన్ని ఆకుపచ్చకి తిరుగుతాయి. ఎటూ తిరగని బూడిద ఒకటుంది. దాని ముందు తెల్ల కప్పు పెడితే కప్పు తెల్లగానే ఉంటుంది. అది రావడమే కష్టం. మావయ్య దాన్ని కొలతల్లేకుండా కంటితోనే కలిపేవాడు. తెల్ల రంగులో ఎప్పుడూ కాస్త పసుపు దాగి ఉంటుందనీ, దాన్ని చంపడానికి చివర్లో కొన్ని చుక్కల నీలం వేయాలనీ ఆయన నమ్మకం. కుర్రతనంలో సైన్ బోర్డులు రాసేటప్పుడు నేర్చుకున్న కిటుకు అది. ఎన్ని చుక్కలంటే చెప్పడు. "కంటికి తగినన్ని" అంటాడు.

కలిపాక బకెట్ మీద తడిగుడ్డ కప్పి, "రంగు కుదురుకోవాలి" అని చెప్పి, వీధి చివర టీ కొట్టుకి వెళ్లేవాడు. పావుగంట తర్వాత వచ్చి స్పాంజి అందుకునేవాడు. ఈ పావుగంట విషయంలో ఆయనకి పట్టింపు ఎక్కువ. భార్య ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చుని తర్వాతి బోర్డు రుద్దుతూ ఉండేది. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆవిడ రుద్దిన బోర్డుల లెక్క ఎవరికీ తెలియదు.

ఆ నెల కూతురికి పురుడు వచ్చింది. భార్య ఆరు వారాలకని సంచీ సర్దుకుని కూతురి ఊరు వెళ్లింది. వెళ్లేముందు పట్టుబట్టి ఆయన చేత పది బోర్డులు ముందుగానే చేయించింది. "ఇవి ఉన్నాయిగా, నేనొచ్చేదాకా కొత్తవి మొదలెట్టకండి, కాస్త విశ్రాంతి తీసుకోండి" అంది. ఆయనకి నవ్వొచ్చింది. విశ్రాంతి తీసుకోమని ఆవిడ అనడం అదే మొదటిసారి.

ఆవిడ వెళ్లిన వారానికే స్టూడియో అమ్మాయి ఫోన్ చేసింది. స్టూడియో ఆ అమ్మాయిదే, ఫొటోలు తీసేదీ ఆ అమ్మాయే. పదేళ్లుగా మావయ్య బోర్డులు తప్ప ఇంకొకరివి వాడి ఎరగదు.

"మావయ్యా, పింగాణీ కంపెనీ వాళ్లది పెద్ద పని వచ్చింది. అరవై రకాల కప్పులు, అన్నీ తెల్లవే. బోర్డులు పక్కపక్కన పేర్చి పెద్ద గోడ కట్టాలి. పన్నెండు కావాలి, పన్నెండూ ఒకే రంగు. మీ మామూలు బూడిదే."

ముందు చేసి పెట్టిన పదీ అప్పటికే చెప్పుల కంపెనీకి వెళ్లిపోయాయి. మావయ్య ఉత్సాహంగా పనిలో దిగాడు. ఒక్కడే రుద్దుకున్నాడు, ఒక్కడే కలుపుకున్నాడు. బకెట్ మీద తడిగుడ్డ కప్పి టీకి వెళ్లొచ్చాడు. నాలుగు బోర్డులు చేసి పంపాడు. సాయంత్రానికి ఫోన్ వచ్చింది.

"మావయ్యా, నీలం కొడుతోంది."

"ఏది?"

"బోర్డులే."

మావయ్య ఉన్నపళంగా స్టూడియోకి వెళ్లాడు. ఆ అమ్మాయి కంప్యూటర్ తెర మీద ఫొటో చూపించింది. తెల్ల కప్పు, వెనక ఆయన బోర్డు. "కప్పు అంచు చూడండి, నీలంగా లేదూ?" అంది. మావయ్య చూశాడు. కప్పు ఉంది. దానికి అంచు ఉంది. అది తెల్లగానే ఉంది.

"లైటు మార్చి చూడమ్మా" అన్నాడు. లైటు మార్చింది. అలాగే ఉందంది. "కెమెరా పాతబడిందేమో" అన్నాడు. ఇంకో కెమెరాతో తీసింది. అలాగే ఉందంది. "నీ కంప్యూటర్లోనే ఏదో ఉంది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడుతున్నానేమోనని తనకే అనిపించి ఊరుకున్నాడు. నాలుగు బోర్డులూ రిక్షాలో వెనక్కి తెచ్చుకున్నాడు.

ఆ రెండ్రోజులూ ఆయనకి ఏమీ పాలుపోలేదు. వెనక్కొచ్చిన బోర్డుని కిటికీ దగ్గర పెట్టి చూశాడు, నీడలో పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా అది తన బూడిదే. కొళాయి నీళ్లు మారాయేమోనని కొన్న నీళ్లు పోసి కలిపాడు. స్పాంజి మార్చాడు. కొత్త డబ్బా విప్పాడు. బయట తిండి పడక చేతి పట్టు తప్పిందేమోనని కూడా అనుకున్నాడు, ఆ రోజు స్వయంగా వండుకుని మాడ్చుకుని తిన్నాడు. ఎందుకైనా మంచిదని, ఈసారి రంగు ఇంకా శుభ్రంగా రావాలని, నీలం ఇంకో నాలుగు చుక్కలు ఎక్కువే వేశాడు.

భార్య రోజూ ఫోన్ చేసేది. మామూలుగా అయితే "తిన్నారా" అని మొదలుపెట్టే మనిషి, ఇప్పుడు "రంగు ఎలా వస్తోంది?" అని మొదలుపెడుతోంది. పుట్టిన మనవరాలి సంగతి చెప్పాల్సింది పోయి ఈవిడకి రంగు గొడవెందుకో ఆయనకి బోధపడలేదు. "బ్రహ్మాండంగా వస్తోంది" అనేవాడు.

రెండో విడత నాలుగు బోర్డులు తానే దగ్గరుండి తీసుకెళ్లాడు. ఆ అమ్మాయి వాటిని చూసి తిట్టలేదు, విసుక్కోలేదు. నెమ్మదిగా కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమంది. అప్పుడు మావయ్యకి నిజంగా భయం వేసింది. తిట్టేవాళ్లతో ఎలాగోలా నెగ్గుకు రావచ్చు.

ఆ అమ్మాయి అరచేయంత బూడిద రంగు అట్టముక్క తెచ్చి బోర్డు మీద పెట్టింది. రంగు సరిచూసుకోవడానికి ఫొటోలు తీసేవాళ్లు దగ్గర పెట్టుకునే కార్డు అది, ఎటూ తిరగని బూడిద.

"ఈ కార్డుకీ మీ బోర్డుకీ తేడా ఏంటో చెప్పండి మావయ్యా."

మావయ్య కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. ఏదో ఒకటి చెప్పాలి.

"కార్డు చిన్నది" అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. "శుక్రవారం కంపెనీ వాళ్లొస్తున్నారు" అంది. "అప్పటికి పన్నెండూ రాకపోతే గోడ బొమ్మ ప్రింటు చేసిన షీట్లు తెప్పించక తప్పదు. షీటు చుట్టి మూల పెట్టుకోవచ్చు, చవక కూడా. ఒకసారి వాటికి అలవాటు పడితే మళ్లీ బోర్డుల దాకా ఎవరూ రారు మావయ్యా. నాకు అదే బాధగా ఉంది."

ఆదివారం అది. చేతిలో మిగిలినవి నాలుగే రోజులు. మావయ్య తిన్నగా రంగుల షాపుకి వెళ్లి, అరలోంచి తెల్ల డబ్బా ఒకటి దించి బల్ల మీద దబ్బున పెట్టాడు.

"ఏమయ్యా, తెల్ల రంగులో నీలం కలిపి అమ్ముతున్నావా?"

షాపాయన మూత తీసి, వేలు ముంచి, తన తెల్ల బనీను మీద రాసుకుని చూశాడు. "ఇంతకన్నా తెలుపు నా దగ్గర లేదు అన్నగారూ. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించిందట" అన్నాడు. పదేళ్ల పరిచయం మరి, అంత మాట చెల్లుతుంది. షాపాయన డబ్బా మూత పెడుతూ, "అన్నట్టు ఈ నెల వదినగారు రాలేదే? మట్టి పసుపు రంగు సీసా తీసి పక్కన పెట్టాను" అన్నాడు.

"పసుపా? పసుపెందుకు?"

"నాకేం తెలుసు. నెలకో సీసా పట్టుకెళ్తారుగా."

మావయ్య వాడేవి మూడే మూడు రంగులు, తెలుపు, నలుపు, నీలం. ఇంటికొచ్చి ఇల్లంతా తిరిగాడు. పసుపు వేసిన వస్తువు ఏదైనా ఉందేమోనని వెతికాడు. తలుపులు గోధుమ రంగు. కుర్చీలు ఎర్రవి. పూలకుండీలకి అసలు రంగే లేదు. నెలకో సీసా లెక్కన ఈపాటికి ఇల్లంతా పసుపైపోవాలి, ఎక్కడా బొట్టు కూడా లేదు. మతి పోయినట్టయింది. చివరికి వంటింటి అలమరలో, పప్పు డబ్బాల వెనక, సగం ఖాళీ అయిన సీసా దొరికింది. దాని మెడకి దారంతో ఒక పాత చెంచా కట్టి ఉంది.

ఫోన్ తీశాడు. కూతురు ఎత్తి తల్లికిచ్చింది.

"ఏమే, డబ్బాల వెనక పసుపు సీసా ఏంటి?"

అవతల పసిపిల్ల ఏడుపు వినిపించింది, తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"దొరికిందా" అంది ఆవిడ.

"దొరికింది సరే, దేనికి?"

"మీ బకెట్లోకండీ."

మావయ్య గోడకి ఆనుకున్నాడు.

"మూడేళ్ల కిందట ఒక బోర్డు చూసి 'కాస్త నీలంగా ఉందండీ' అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు మీరు. గుర్తుందా?"

గుర్తులేదు. వారం మాట్లాడకపోవడం గుర్తుంది, ఎందుకో గుర్తులేదు.

"తర్వాతి బోర్డూ అలాగే ఉంది. వెనక్కొస్తే మీరు తట్టుకోలేరని, మీరు టీకి వెళ్లినప్పుడు చెంచాడు పసుపు వేసి తిప్పాను. సరిపోయింది. మర్నాడూ వేశాను."

"మూడేళ్లా?"

"ఆ."

"నా కన్ను పోయిందని చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"కన్ను అని మొదట నాకూ తెలీదండీ. ఏదో పరధ్యానంలో ఉన్నారనుకున్నాను. ఏడాది పోయాక అర్థమైంది. అప్పటికి చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ఏమని చెప్పను?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఒళ్లు మండిపోయింది. తన బకెట్లో, తన వెనక, తన పెళ్లాం! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి కాబట్టి, ఆవిడదే తప్పని ఒక గంటసేపు గట్టిగా అనుకున్నాడు. అంతలో నిరుడు జరిగిన ముచ్చట గుర్తొచ్చింది. స్టూడియో అమ్మాయి ఎవరో పెద్దవాళ్లకి ఆయన్ని చూపించి "ఈ రంగు మావయ్య ఒక్కరికే వస్తుంది" అంది. ఆ మాట ఇంటికొచ్చి భార్యకి రెండుసార్లు చెప్పాడు. ఆవిడ నవ్వి, ఇంకాస్త అన్నం వడ్డించింది. అది గుర్తు రాగానే కోపమంతా ఎటు పోయిందో పోయింది, సిగ్గు మిగిలింది. ముసలి వయసులో ఇంత సిగ్గు పడాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు.

మళ్లీ ఫోన్ చేశాడు.

"ఎంత వేస్తావు?"

"మీరు నీలం ఎంత వేశారో చూసి, దాన్ని బట్టి వేస్తానండీ."

"చూస్తే ఎలా తెలుస్తుంది?"

"చూస్తే తెలుస్తుందండీ" అంది ఆవిడ. అనేశాక నాలిక కరుచుకుని ఉంటుంది.

వీడియోలో చూపిస్తానన్నాడు. కూతురు ఏదో నొక్కింది. బకెట్ చూపించాడు, బోర్డు చూపించాడు. "ఫోన్లో పచ్చగా కనిపిస్తోందండీ. మీ మొహం కూడా పచ్చగానే ఉంది" అంది ఆవిడ. లాభం లేదని ఆ ప్రయత్నం మానేశారు.

"నే చెప్పినట్టు చేయండి. నీలం సీసా అసలు ముట్టుకోకండి. నలుపులోనే కాస్త నీలం ఉంటుంది, దానికి బకెట్‌కి అరచెంచా పసుపు, వేలితో సమం చేసి వేయండి. ఎక్కువొద్దు. కలిపాక అదేపనిగా చూడకండి."

"చూడకుండా రంగు ఎలా వేస్తానే?"

"చూస్తే మళ్లీ నీలం వేస్తారు."

ఎన్నడూ కొలత ఎరగని మనిషి సీసాకి కట్టిన చెంచాతో కొలిచాడు. చెయ్యి మాత్రం మాట వినలేదు. మూడుసార్లు తనంతట తానే నీలం సీసా దాకా వెళ్లింది. చివరికి ఆ సీసాని పక్కింటావిడకి ఇచ్చి దాచమన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆవిడ అదేదో విషమనుకుని, పిల్లలకి అందకుండా అటక మీద పెట్టింది.

మొదటి బోర్డు ఆరగానే దాన్ని వెనక్కొచ్చిన బోర్డు పక్కన నిలబెట్టాడు. రెండింటికీ ఈగ వాలినంత తేడా కూడా కనబడలేదు. ఒక చుక్క నీలం వేస్తేనో? సీసా పక్కింట్లో ఉంది, ఈసరికి వాళ్లు భోజనాలు చేస్తుంటారు, ఇప్పుడెళ్లి అడిగితే ఏమనుకుంటారు? అలా మొహమాటంతో ఆ బోర్డు బతికిపోయింది. మిగతా పదకొండూ భార్య మాట మీద చేశాడు. తన కంటికి ఒక్కటీ నచ్చలేదనడానికీ లేదు, నచ్చిందనడానికీ లేదు. కనిపిస్తే కదా!

శుక్రవారం పొద్దున్నే పన్నెండు బోర్డులూ స్టూడియోలో గోడలా పేర్చారు. ముందు బల్ల వేసి, మీద ఒక తెల్ల కప్పు పెట్టారు. స్టూడియో అమ్మాయి ఒక ఫొటో తీసి, తెర దగ్గరికెళ్లి, వంగి చూసింది. మావయ్య బోర్డుల వైపు చూడలేదు. ఆ అమ్మాయి మొహం వైపే చూస్తున్నాడు. ఇక నుంచి తన రంగు తనకి తెలిసే దారి అదొక్కటే.

"అబ్బ!" అంది ఆ అమ్మాయి. "ఇదే మావయ్యా, మీ బూడిదే! ఈసారి ఏం మార్చారు?"

మావయ్య చల్లగా ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఊరుకోబుద్ధి కాలేదు.

"నేనేం మార్చలేదమ్మా. మా ఆవిడ చెప్పినట్టు చేశాను. మూడేళ్లుగా ఆ రంగు నేను వేస్తున్నాను గానీ, కలుపుతోంది ఆవిడ."

ఆ అమ్మాయికి సగమే అర్థమైంది. మావయ్య వెనక గదిలోంచి పాత బోర్డు ఒకటి, వెనక్కి తీసుకెళ్లకుండా వదిలేసిన నీలం బోర్డు ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టాడు. "ఏది ఏదో చెప్పు" అన్నాడు. ఆ అమ్మాయి తడుముకోకుండా వేలుపెట్టి చూపించింది. చూపించాక ఆయన మొహం చూసింది, అప్పుడు మిగతా సగం కూడా అర్థమైంది.

"మావయ్యా, ఇవి రెండూ మీకు..."

"ఒకటేనమ్మా."

కంటి డాక్టర్ దగ్గరికి సోమవారం తనే తీసుకెళ్తానంది ఆ అమ్మాయి. కంట్లో పొరేమో, అది పడితే నీలం సరిగా ఆనదట, తీసేస్తారేమో, మా నాన్నకీ తీశారు అంది. మావయ్య సరేనన్నాడు. ఆయన ఆ మాటలు సగమే వింటున్నాడు. గోడలా పేర్చిన తన బోర్డుల్ని చూస్తున్నాడు. తనకి పేరు తెచ్చిన రంగుని, తన పేరే అయిపోయిన రంగుని, మూడేళ్లుగా తను ఒక్కసారైనా చూడలేదు. ప్రపంచమంతా చూసింది. సబ్బులు కొనేవాళ్లు చూశారు, చెప్పులు కొనేవాళ్లు చూశారు, పప్పు డబ్బాల వెనక సీసా దాచుకున్న మనిషి రోజూ చూసింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"ఏమైంది? ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"హమ్మయ్య" అంది. తర్వాత, కాస్త భయపడుతూ, "మీకెలా ఉంది?" అని అడిగింది.

ఎవరు రంగు సంగతి అడిగినా అరగంట ఉపన్యాసం చెప్పే మనిషి, ఫోన్ ఇంకాస్త చెవికి ఆనించుకుని, వీధిలోకి చూశాడు.

"నాకు తెలీదే" అన్నాడు. "నువ్వొచ్చి చూసి చెప్పు."